వీరుడు, నాయకుడు, హీరో

మన విమర్శకులు ఈ మూడు మాటలనూ ఒకదాని బదులు మరొకటి వాడేస్తుంటారు. ఇవి పుట్టిన సమాజాలు వేరు, సేవించిన వర్గాలు వేరు.

'నాయకుడు' అంటే నడిపించేవాడు. మన ఆలంకారికులు వాణ్ణి ధీరోదాత్తుడు మొదలుగా నాలుగు తరగతులు చేశారు. రాజుకూ మంత్రికీ బ్రాహ్మణుడికీ వర్తకుడికీ వాటిలో చోటుంది, కూలివాడికి లేదు. 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం'లోని గిరీశాన్ని ఈ నాలుగింటిలో ఎక్కడ కూర్చోబెడతారు?

'హీరో' గ్రీకు మాట. హోమరు కాలంలో అది యోధులకు చెల్లింది. తర్వాతి గ్రీకు నగరాల్లో సమాధి దగ్గర బలులందుకొనే మృతుడే హీరో. కథలో ప్రధానపాత్ర అనే అర్థం ఇంగ్లీషులో 17వ శతాబ్దం చివర గాని కనిపించదు. జనంలోకి మాత్రం ఈ మాట సినిమా పోస్టరు మీదుగా వచ్చింది. అందుకే మన హీరో చావడు!

చచ్చినవాణ్ణే వీరుడనడం మాత్రం గ్రీకుల సొత్తు కాదు. పాత చిత్తూరు జిల్లా పడమటి భాగంలో, పుంగనూరు, మదనపల్లె ప్రాంతాల్లో, వీరగల్లులున్నాయి. బాణులు, వైదుంబులు, నొళంబులు ఈ నేలకోసం కొట్టుకున్న 9, 10 శతాబ్దాల నాటివి వాటిలో చాలా ఉన్నాయి. ఆనాడు పశువులే సంపద. యుద్ధమంటే తరచు శత్రువు మందను తోలుకుపోవడమే. ఆ మందను విడిపించబోయి పడిపోయినవాడికి ఊళ్లో ఒక రాయి నిలిచేది. కత్తి దూసిన మనిషి బొమ్మ, పక్కన నాలుగు వాక్యాలు.

ఆ వాక్యాల వరస గమనించదగ్గది. ఏలుతున్న రాజు పేరు ముందు వస్తుంది, చచ్చినవాడి పేరు తర్వాత. కొన్ని రాళ్లమీద అప్సరసలు వాణ్ణి స్వర్గానికి మోసుకుపోతుంటారు. పశువులు ఎవరివైనా ప్రాణం వీడిది, కూలి పరలోకంలో! వారసులకు భూమి ఇచ్చిన సందర్భాలూ లేకపోలేదు. కన్నడ శాసనాలు దాన్ని 'నెత్తరుగొడగె' అన్నాయి, నెత్తుటికిచ్చిన మాన్యమని. పాలకులు త్యాగాన్ని కీర్తించింది మరో త్యాగి కోసమే. అయినా కావ్యాలకెక్కని సామాన్యుడి పేరు ఈ రాతిమీద మిగిలింది.

'వీర' శబ్దానికి తొలి అర్థం మగవాడే, లాటిన్ 'విర్' దాని తోబుట్టువు. స్త్రీని ఆ మాట మొదటే బయట నిలబెట్టింది.

ఈ జిల్లావాడే అయిన కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' నవలలో ఒక ముసలివాడు పందికోసం, దాని పిల్లలకోసం రాత్రంతా అడవితో తలపడతాడు. వాడు కాచింది ఏ దొర మందనూ కాదు. రచయిత వాడికి పేరైనా పెట్టలేదు.