పులి కాల్‌షీట్ ఇవ్వలేదు!

సినిమాలో పులి రావాలంటే ఎంతసేపు? డైరెక్టరుగారు "యాక్షన్" అంటే చాలు. ఈ రోజుల్లో అదీ అక్కర్లేదు, కంప్యూటర్లోనే పుట్టించేస్తున్నారు! మరి అసలు సిసలు పులిగారి దర్శనం కావాలంటే? అదేదో తేల్చుకుందామని మొన్నో ఆదివారం నల్లమలకు బయల్దేరాం, నేనూ, మా మేనల్లుడూనూ.

మావాడికి ఉద్యోగం హైటెక్ సిటీలో, కాపురం ప్రగతినగర్‌లో. "మామయ్యా, పులిని చూడందే తిరిగి వచ్చేది లేదు" అని శపథం చేసి మరీ స్టీరింగ్ పట్టుకున్నాడు. "ముందు నువ్వు దానికి కనిపించకుండా చూసుకోరా" అన్నాను.

తెల్లవారుజామున నాలుగింటికి ప్రగతినగర్ చెరువు పక్కనుంచి కదిలాం. ఔటర్ రింగ్ రోడ్డెక్కి తుక్కుగూడ దగ్గర దిగితే శ్రీశైలం రోడ్డు. కడ్తాల్, ఆమనగల్లు, డిండి దాటి మన్ననూరు చేరేసరికి బాగా పొద్దెక్కింది. అక్కడ అటవీశాఖ వారి గేటు ఉంది. రాత్రి తొమ్మిదికి మూశారంటే మళ్ళీ పొద్దున ఆరింటికే తీస్తారు.

"అయితే ఇక్కడ సెకండ్ షో లేదన్నమాట!" అన్నాడు మావాడు.

ఉంది. కానీ అది జంతువులకు మాత్రమే! రాత్రిపూట ఆ రోడ్డు వాటిది.

నేను చేసిన ఘనకార్యం

గేటు దాటగానే సీను మారిపోయింది. ఘాట్ రోడ్డు మలుపులు, రెండు పక్కలా నల్లమద్దులు, వెదురు పొదలు. ఒక మలుపులో పిట్టగోడ మీద కోతుల గుంపు కనిపించింది. నా సంచీలో అరటిపళ్ళున్నాయి. పుణ్యం వస్తుంది కదాని కారు ఆపించి రెండు పళ్ళు విసిరాను. మావాడు ఫోనుతో వీడియో తీస్తున్నాడు. పొట్టకు పిల్లను కరిపించుకున్న ఓ తల్లికోతి పండు కోసం రోడ్డు మధ్యకు దూకింది. సరిగ్గా అప్పుడే మలుపు తిరిగి బస్సొచ్చింది!

కీచుమంటూ బ్రేకులు. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి తల్లీ పిల్లా చెట్టెక్కి ఉన్నాయి. వెంట్రుకవాసిలో తప్పింది. తర్వాత చాలాసేపు మా ఇద్దరికీ మాటల్లేవు.

ఫర్హాబాద్ గేటు దగ్గర అటవీశాఖ సఫారీ వాహనం ఎక్కాం. మాకు దారి చూపించినవాడు ఒక చెంచు యువకుడు. జరిగింది చెప్పాను. అతను కోప్పడలేదు.

"పండు ఏసెటోళ్ళు ఏసి పోతరు సార్. కోతి మాత్రం రేపు గూడ రోడ్డు మీదికే వస్తది" అన్నాడు.

అంతే! అడవిలో పండ్లు తిని గింజలు చల్లి కొత్త చెట్లు మొలిపించాల్సిన కోతిని మనం రోడ్డు పక్క బిచ్చగత్తెను చేస్తున్నాం. ఆ తర్వాత టైర్ల కింద పడితే "అయ్యో పాపం" అంటున్నాం.

తెర మీది అడవి, తెర లేని అడవి

అడవి అనగానే మనకు 1977లో వచ్చిన 'అడవి రాముడు' ఏనుగులు గుర్తొస్తాయి. నల్లమలలో మాత్రం అడవి ఏనుగులు లేవు. ఇక్కడి తారాగణం వేరు. చుక్కల దుప్పులు, కణితులు, కొండగొర్రెలు, ఎలుగుబంట్లు, రేచుకుక్కలు, చిరుతలు. హీరో పాత్ర మాత్రం పెద్దపులిదే.

నిజాం కాలంలో ఫర్హాబాద్ దొరల వేటస్థలం. 1983లో కృష్ణకు రెండు వైపులా ఉన్న అడవి పులుల అభయారణ్యమైంది. 2014లో రాష్ట్రాలు విడిపోయాక తెలంగాణ వైపు భాగానికి అమ్రాబాద్ టైగర్ రిజర్వు అని పేరు. విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. అంత చోటులో పులి మన కోసం వచ్చి నిలబడాలంటే దాని దయ, మన ప్రాప్తం!

ఉన్నట్టుండి ఓ కొండముచ్చు చెట్టు మీంచి గట్టిగా అరిచింది. దుప్పులు తోకలు నిక్కించి బిగుసుకుపోయాయి. మా గైడు వేలు పెదవుల మీద పెట్టుకుని కిందికి చూపించాడు. దుమ్ములో పంజా గుర్తు! అరచేతికంటే పెద్దది. పది నిమిషాలు ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. ఆకు కదిలితే గుండె జారింది.

పులి రాలేదు.

కానీ ఒక్కటి చెప్పనా? అది ఎక్కడో దగ్గర్లో ఉండి మమ్మల్ని చూస్తోందేమో అన్న ఆ పది నిమిషాల సస్పెన్సు నేను ఏ సినిమాలోనూ అనుభవించలేదు. చివర్లో వ్యూ పాయింట్ దగ్గర నిలబడితే కింద లోయంతా అడవే, కొండ వెనక కొండ.

అభిమానులకు ఒక మాట

2019లో ఇక్కడ యురేనియం తవ్వుతారన్న మాట వచ్చినప్పుడు విజయ్ దేవరకొండ, సమంత, శేఖర్ కమ్ముల వంటి సినిమావాళ్ళు నల్లమలను కాపాడమని గొంతు కలిపారు. ఆ ఏడాది సెప్టెంబరులో తవ్వకాలు వద్దని శాసనసభ తీర్మానం కూడా చేసింది. తారలు తమ వంతు మాట అన్నారు. మరి అభిమానుల వంతు? మనం చెయ్యాల్సింది చాలా చిన్నది. కారు అద్దం దించి పండు విసరకపోవడం, ప్లాస్టిక్ పారెయ్యకపోవడం, మలుపుల్లో కాలు కాస్త బ్రేకు మీద ఉంచుకోవడం.

సాయంత్రం తిరిగి వస్తూ అదే మలుపు దగ్గరకొచ్చాం. గుంపు అక్కడే ఉంది. మా కారు నెమ్మదించగానే ఓ కోతి చెయ్యి చాపింది. సంచీలో ఇంకా నాలుగు పళ్ళున్నాయి. నేను అద్దం దించలేదు. మావాడు ఫోను తియ్యలేదు.

ప్రగతినగర్ చేరేసరికి రాత్రి పది దాటింది. "మామయ్యా, ఈపాటికి అక్కడ సెకండ్ షో మొదలై ఉంటుంది" అన్నాడు మావాడు.

ఆ షోకి మనకు టిక్కెట్లు లేకపోవడమే మంచిది!