చేను కావలికి మూడు తీగల శబ్దం

మక్క కంకి పాలు పట్టే రోజులొస్తే ఆదిలాబాద్ జిల్లా బోథ్ చుట్టుపక్కల అడవి అంచు ఊళ్లల్లో రైతుకు రాత్రి నిద్ర ఉండదు. అడవి పందుల మంద ఒక్కసారి దిగిందంటే తెల్లారేసరికి సాళ్లకు సాళ్లు నేల మీద పడి ఉంటాయి. మంచె మీద జాగారం, డబ్బాల మోత, టపాకాయలు పాత పద్ధతులు. ఈమధ్య బ్యాటరీ మైకులు వచ్చాయి. మనిషి కేకో కుక్క అరుపో రికార్డు చేసి వేలాడదీస్తే అదే రాత్రంతా మోగుతుంది. ఇంకొందరు కంచెకు కరెంటు పెడుతున్నారు. దానికి పందులే కాదు, పక్క చేను రైతులు, ఒక్కోసారి పెట్టినవాళ్లే బలవుతున్నారు. ఆ కరెంటు తీగ అవసరం లేకుండా చేసే ప్రయత్నం ఎంత చిన్నదైనా చేయదగినదే.

మైకుతో చిక్కు ఏమిటంటే ఎప్పుడూ అదే అరుపు, అంతే వ్యవధి. పంది తెలివైన జంతువు. ఆ అరుపు వెనక మనిషీ లేడు, కుక్కా లేదని కొన్నాళ్లకు పసిగడుతుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు అడవి పందుల కోసమే శబ్ద పరికరం రూపొందించారు. వేటాడే జంతువుల అరుపులు, ఆపదలో ఉన్న జంతువుల కేకలు అందులో వినిపిస్తాయి. అలాంటి అరుపులను వరస తప్పించి, వ్యవధి మార్చి వినిపించగలిగితే మామూలు మైకు కంటే ఎక్కువ రోజులు పనిచేస్తుంది. ఈ పని మైక్రోకంట్రోలర్‌కు చాలా తేలిక. ఎలక్ట్రానిక్స్ మీద ఇష్టమున్న డిగ్రీ, పాలిటెక్నిక్ పిల్లలు ఇంట్లో కూర్చుని చేయగలిగిన పని ఇది. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలోనో ఆన్‌లైన్‌లోనో కావలసిన బోర్డులు కొన్ని వందల రూపాయలకు దొరుకుతాయి.

బడిలో ఎక్కువగా కనిపించే ఆర్డుయినో యునో ఇక్కడ సరిపోదు. దాని మెమరీ 2 కిలోబైట్లే, ఆడియో అంకెలు పంపే ఏర్పాటు కూడా లేదు. ఈఎస్‌పీ32 అనే మైక్రోకంట్రోలర్ బోర్డు తీసుకోండి.

ముందుగా శబ్దం ఫైల్లో ఎలా ఉంటుందో చూద్దాం. శబ్దమంటే గాలి ఒత్తిడిలో హెచ్చుతగ్గులు. వాటిని సెకనుకు 44,100 సార్లు కొలిచి ప్రతి కొలతనూ ఒక అంకెగా రాసుకుంటే అదే ఆడియో ఫైలు. 16 బిట్ల ఫైల్లో ఒక్కో కొలతకు 65,536 మెట్లుంటాయి. ఈఎస్‌పీ32లో 25, 26 పిన్ల మీద నేరుగా శబ్దం తీసే వీలుంది. కానీ అది 8 బిట్లదే, అంటే 256 మెట్లు. మెట్లు తగ్గితే శబ్దంలో గరగర చేరుతుంది. అందుకే అంకెలను అంకెలుగానే బయటికి పంపి, శబ్దంగా మార్చే పని వేరే బోర్డుకు అప్పగించడం మేలు.

అంకెలు పంపే ఈ పద్ధతి పేరు ఐ2ఎస్. ఫిలిప్స్ కంపెనీ 1986లో ప్రకటించింది. ఇందులో మూడు తీగలుంటాయి. పత్తి మార్కెట్ యార్డులో కాంటా దగ్గర ఒకాయన తూకాలు చదువుతుంటే గుమాస్తా పట్టీలో ఎక్కిస్తాడు కదా. ఎప్పుడు రాయాలో, ఏ గడిలో రాయాలో తెలియకపోతే లెక్కంతా కలగాపులగం అవుతుంది. ఇక్కడ డేటా తీగ అంకెలు చదువుతుంది. బిట్ క్లాక్ తీగ 'ఇప్పుడు రాసుకో' అని ప్రతి బిట్‌కూ చెబుతుంది. మూడోది ఆ అంకె ఎడమ స్పీకరుదో కుడి స్పీకరుదో చెబుతుంది. స్టీరియో అయితే సెకనుకు 44,100 కొలతలు, ఒక్కోదానికి 16 బిట్లు, రెండు వైపులా కలిపి 14,11,200 బిట్లు. ఇంత వేగంగా పోయే తీగలను చేనంత పొడవు లాగితే అంకెలు చెడిపోతాయి. ఈ మూడు తీగలూ జానెడు మించకుండా చూసుకోండి. దూరం వెళ్లాల్సింది స్పీకరు తీగే.

దొరికే బోర్డుల్లో రెండు ముఖ్యమైనవి. మొదటిది మాక్స్98357ఏ. అంకెలను శబ్దంగా మార్చడం, దాన్ని స్పీకరుకు సరిపడా పెంచడం రెండూ ఇదే చేస్తుంది. 5 వోల్టుల మీద 4 ఓమ్‌ల స్పీకరుకు సుమారు 3 వాట్లు ఇస్తుంది. రెండోది పీసీఎం5102. ఇది శబ్దంగా మార్చి ఊరుకుంటుంది, స్పీకరును నడపలేదు. ఊళ్లో పెళ్లిళ్లకు వాడే పెద్ద ఆంప్లిఫయరుకు కలపాలంటే ఇదే కావాలి.

మాక్స్ బోర్డు కలపడం చూద్దాం. బోర్డు మీద ఎల్‌ఆర్‌సీ, బీసీఎల్‌కే, డిన్, గెయిన్, ఎస్‌డీ, జీఎన్‌డీ, విన్ అని వరసగా ఏడు పేర్లుంటాయి. బిట్ క్లాక్ అందుకునే బీసీఎల్‌కేని ఈఎస్‌పీ32లో 27కి, ఎడమ కుడి చెప్పే ఎల్‌ఆర్‌సీని 26కి, డేటా తీసుకునే డిన్‌ను 25కి కలపండి. వేరే పిన్లు కూడా వాడొచ్చు, ప్రోగ్రాములో అవే నంబర్లు రాస్తే చాలు. కానీ 34 నుంచి 39 వరకు ఉన్నవి లోపలికి తీసుకునే పిన్లే, వాటి నుంచి ఏదీ బయటికి రాదు. 6 నుంచి 11 వరకు ఉన్నవి లోపలి ఫ్లాష్ మెమరీవి, వాటిని ముట్టుకోకూడదు. విన్‌ను 5 వోల్టులకు కలపాలి. ఈఎస్‌పీ32 మీది 3.3 వోల్టుల పిన్ నుంచి తీసుకుంటే శబ్దం పెద్దదైనప్పుడల్లా బోర్డు ఆగి మళ్లీ మొదలవుతుంది. గ్రౌండు రెండింటికీ ఒకటే ఉండాలి. అది మరిచిపోతే మిగతావన్నీ సరిగ్గా ఉన్నా పని జరగదు.

కొత్తవాళ్లు ఎస్‌డీ అని చూసి మెమరీ కార్డుకు కలిపేస్తారు. ఆ ఎస్‌డీకి కార్డుతో ఏ సంబంధమూ లేదు. అది బోర్డును నిద్రపుచ్చే పిన్, గ్రౌండుకు తగిలితే శబ్దం ఆగిపోతుంది. దాన్ని ఖాళీగా వదిలేయండి. మెమరీ కార్డు పెట్టేది వేరే చిన్న బోర్డులో. దానికి 5, 18, 19, 23 పిన్లు వాడటం అలవాటు.

స్పీకరు తీగలు రెండూ బోర్డు మీది ప్లస్, మైనస్‌లకే వెళ్లాలి. ఆ మైనస్ గ్రౌండు కాదు. రెండు కొసల్లోనూ కరెంటు ఎదురెదురుగా ఊగుతుంటుంది. అందుకే దాన్ని గ్రౌండుకు కలిపినా, పెద్ద ఆంప్లిఫయరు ఇన్‌పుట్‌కు పెట్టినా బోర్డు పాడయ్యే ప్రమాదం ఉంది.

పీసీఎం5102కి కూడా ఆ మూడు తీగలే. అదనంగా ఎస్‌సీకే అనే పిన్‌ను గ్రౌండుకు కలపాలి. అప్పుడు కావలసిన మాస్టర్ క్లాక్‌ను చిప్ లోపలే తయారు చేసుకుంటుంది. వదిలేస్తే మౌనమో గరగరో వస్తుంది. బోర్డు వెనక ఎక్స్‌ఎస్‌ఎంటీ అన్నచోట హెచ్ వైపు సోల్డరు ఉందో లేదో కూడా చూడండి. అది ఎల్ వైపు ఉంటే బోర్డు మూగదే.

శబ్దం వచ్చి అరుపు కీచుగానో బొంగురుగానో ఉంటే తీగలను తిట్టుకోకండి. ఫైలు కొలతల వేగం ఒకటి, ప్రోగ్రాములో రాసింది ఇంకొకటి అయి ఉంటుంది. ఫైళ్లన్నీ 44,100, 16 బిట్లు, ఒకే చానెల్‌గా మార్చి పెట్టుకుంటే ఈ తంటా ఉండదు. అలాంటి వేవ్ ఫైలు నిమిషానికి సుమారు 5.3 ఎంబీ. 8 జీబీ కార్డులో ఇరవై నాలుగు గంటలకు పైగా శబ్దం పడుతుంది. కార్డును ఫ్యాట్32గా ఫార్మాట్ చేయాలి.

ప్రోగ్రాములో చేయాల్సింది కొంచెమే. కార్డులోని ఫైళ్లలో ఒకటి యాదృచ్ఛికంగా ఎంచుకోవడం, వినిపించడం, తర్వాత రెండు నిమిషాలో ఇరవై నిమిషాలో, ఎంతసేపన్నది కూడా యాదృచ్ఛికంగానే తేల్చుకుని ఆగడం. పందికి లెక్క అందకుండా చేసేది ఈ ఆగడమే. వెంటవెంటనే ఒకే అరుపు రెండోసారి రాకుండా ఒక షరతు పెట్టండి.

కరెంటుకు స్ప్రే పంపులోని 12 వోల్టుల బ్యాటరీ చాలు. దాన్ని 5 వోల్టులకు దించే బక్ కన్వర్టర్ మధ్యలో ఉండాలి. కన్వర్టర్‌ను ముందు విడిగా మీటరుతో కొలిచి, 5 వచ్చిందని చూసుకున్నాకే బోర్డులకు ఇవ్వండి. కొత్త కన్వర్టర్లలో తరచూ 5 కంటే ఎక్కువే వస్తుంది, బోర్డు ఒక్క క్షణంలో కాలిపోతుంది. బోర్డులుంచే పెట్టెకు తీగల రంధ్రాలు అడుగువైపే పెడితే వాన నీళ్లు దిగవు. స్పీకరును అడవి దారివైపు తిప్పి, కొన్ని రోజులకోసారి చోటు మార్చండి.

పులి గాండ్రింపు పెట్టాలనుకుంటే మాత్రం ముందు పక్క చేల రైతులకు, ఊరివాళ్లకు, అటవీ శాఖ బీట్ ఆఫీసరుకు చెప్పండి. మహారాష్ట్రలోని టిపేశ్వర్ అడవి నుంచి ఆదిలాబాద్ జిల్లాలోకి పులులు నిజంగానే వచ్చిపోతుంటాయి. ఇక్కడ చీకట్లో ఆ గొంతు విన్న మనిషి అది పెట్టెలోంచి వచ్చిందనుకోడు, మంచె దిగి పరుగెత్తుతాడు. ఆ ఒక్క ఫైలు లేకపోయినా కుక్కల గుంపు, మనుషుల కేకలు, పంది భయపు అరుపు కార్డులో ఉంటే సరిపోతుంది.