సైనిక పాఠశాల ప్రవేశాలు.. అక్షరం తేడాతో అవస్థలు

విజయనగరం: ప్రవేశ పరీక్షలో మంచి మార్కులు వచ్చినా పత్రాల్లోని తేడాల వల్ల సైనిక పాఠశాల సీటు చేజారే ప్రమాదముంది. రాష్ట్రంలో కోరుకొండ, కలికిరి సైనిక పాఠశాలలకు దరఖాస్తు చేసే తల్లిదండ్రులు ముందే మేల్కొంటే ఈ చిక్కులను చాలావరకు నివారించవచ్చు.

ఆరో తరగతికి ప్రవేశ సంవత్సరం మార్చి 31 నాటికి విద్యార్థి వయసు 10-12 ఏళ్ల మధ్య ఉండాలి. అంటే ఒక్కొక్కరికి దక్కేవి దాదాపు రెండు అవకాశాలే. తొమ్మిదో తరగతిలో ఖాళీలను బట్టే ప్రవేశాలుంటాయి. అందుకే ఒక్క ఏడాది నష్టపోయినా తిరిగి పూడ్చుకోవడం కష్టం.

పేరులోనే తొలి చిక్కు

మన ప్రాంతంలో ఇంటిపేరును ఒకచోట పూర్తిగా, మరోచోట పొడి అక్షరంగా రాయడం పరిపాటి. జనన ధ్రువపత్రం, ఆధార్, పాఠశాల రికార్డుల్లో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో దరఖాస్తుకు ముందే సరిచూసుకోవాలి. దరఖాస్తులో పొరపాటు దొర్లితే, గడువు ముగిశాక సవరణకు ఇచ్చే కొద్ది రోజుల వ్యవధిని వినియోగించుకోవాలి. ఇంటర్నెట్ కేంద్రం వారి ఫోన్ నంబరు ఇస్తే సమాచారం వారికే చేరుతుంది. సొంత నంబరే ఇవ్వాలి.

బీసీ పత్రం చాలదు

2021-22 నుంచి ఈ పాఠశాలల్లో ఓబీసీలకు 27 శాతం రిజర్వేషన్ అమలవుతోంది. దీనికి రాష్ట్ర బీసీ ధ్రువపత్రం సరిపోదు. కులం కేంద్ర జాబితాలో ఉండాలి. క్రీమీలేయర్‌కు చెందరని తెలిపే ఓబీసీ పత్రాన్ని తహసీల్దారు కార్యాలయం నుంచి పొందాలి. 67 శాతం సీట్లు సొంత రాష్ట్రం వారికే కేటాయిస్తున్నందున నివాస ధ్రువపత్రమూ కీలకమే.

ఫలితాలతో పని పూర్తికాదు

జాతీయ పరీక్షల సంస్థ (ఎన్‌టీఏ) బాధ్యత పరీక్ష, ఫలితాల వరకే. ఆ తర్వాత సైనిక పాఠశాలల సొసైటీ వేరే వెబ్‌సైట్‌లో కౌన్సెలింగ్ నిర్వహిస్తుంది. అందులో విడిగా నమోదు చేసుకుని, పాఠశాలలను ఎంచుకోవాలి. సీటు వచ్చాక గడువులోగా సమ్మతి తెలపాలి. పిలుపు ఇంటికే వస్తుందని ఎదురుచూస్తే సీటు మరొకరికి వెళ్లిపోతుంది.

ఏదైనా తేడా కనిపిస్తే మౌఖికంగా అడిగి ఊరుకోక, దరఖాస్తు సంఖ్యతో లిఖితపూర్వకంగా తెలిపి, దాని నకలు భద్రపరచుకోవడం మేలు.