కలువకు చెలికాడు ఎవరు?

తెలుగు సాహిత్యంలో తామరకు సూర్యుడు నాథుడు, కలువకు చంద్రుడు చెలికాడు. ఈ సంప్రదాయాన్ని నమ్మి, హెర్న్‌డన్ నుండి బయలుదేరి వర్జీనియా కొలనుల వద్దకు వెన్నెలరాత్రి వెళితే, ముడుచుకున్న పూలే దర్శనమిస్తాయి. ఇక్కడి తెల్లకలువ ఉదయం వికసించి మధ్యాహ్నానికి ముకుళిస్తుంది.

మన కవులు పొరబడలేదు. అమెరికా తూర్పు ప్రాంతపు కలువ 'నింఫియా ఒడొరాటా'. ఆంధ్రదేశపు చెరువులలోని తెల్లకలువ, ఎర్రకలువ వేరు జాతులు. అవి చీకటిపడ్డాక విచ్చుకొని, మర్నాడు పొద్దెక్కే వరకు నిలుస్తాయి. అమావాస్యనాడూ పూస్తాయి కనుక చంద్రునికి దక్కిన కీర్తి కొంత అయాచితమే! ఇక నీలోత్పలమైతే పగటిపువ్వే.

అమెరికా కలువ పరాగసంపర్కం విచిత్రమైనది. తొలినాడు పువ్వు నడుమ చిన్న గిన్నెలో ద్రవం ఊరుతుంది. ఇతర పూల పుప్పొడితో వచ్చిన కీటకం అందులో జారిపడితే పుప్పొడి కడుక్కుపోయి కీలాగ్రాన్ని చేరుతుంది. కీటకం ఒక్కొక్కసారి ప్రాణమే కోల్పోతుంది. మరునాటి నుండి ద్రవం ఉండదు, కేసరాలు పుప్పొడిని వెదజల్లుతాయి. ఆపై కాడ చుట్టలు చుట్టుకొని కాయను నీటి అడుగుకు లాగుకుంటుంది.

పిల్లలు కలువను, తామరను ఒకటే అనుకోవడం సహజం. కలువ ఆకు చీలికతో నీటిపై తేలుతుంది. తామరాకు గుండ్రంగా, తరచు నీటికి పైన నిలుస్తుంది. జన్యు పరిశోధనల ప్రకారం తామరకు దగ్గరి చుట్టం కలువ కాదు, వర్జీనియా వాగుల వెంట పెరిగే సికమోర్ వృక్షం!

కలువ దుంపలను ఉడికించి తినడం భారతదేశపు పల్లెలలో ఉన్నదే. బంగ్లాదేశ్‌లో కలువ జాతీయపుష్పం, దాని కాడలు కూరకూడా. అమెరికా ఆదివాసులు వేరును ఔషధంగా వాడారు. అదే మొక్కను పశ్చిమతీరాన వాషింగ్టన్ రాష్ట్రం హానికరమైన కలుపుగా ప్రకటించింది.

హెర్న్‌డన్‌కు సుమారు 30 మైళ్ల దూరాన, రాజధాని నగరంలో కెనిల్‌వర్త్ జలోద్యానం ఉంది. అంతర్యుద్ధంలో చేయి కోల్పోయిన వాల్టర్ షా 1880లలో తన జన్మస్థలమైన మెయిన్ రాష్ట్రం నుండి కొన్ని కలువలను తెచ్చి ఇక్కడ నాటాడు. కుమార్తె హెలెన్ ఫౌలర్ దూరదేశాల జాతులను తెప్పించి వ్యాపారాన్ని విస్తరించింది. 1930లలో అనకోస్టియా నది పూడికతీత పనులు ఈ కొలనులను కబళించబోగా ఆమె పోరాడింది. 1938లో ప్రభుత్వం వాటిని కొని ఉద్యానంగా నిలిపింది. చూడదలచినవారు వేసవిలో మధ్యాహ్నానికి ముందే చేరుకోవాలి.