మనిషి ఎవరి సొత్తు? పడమటి మండలాల విశేషాలు

మనిషి స్వభావం పుట్టుకతో వచ్చేదా, నలుగురూ కలిసి తయారుచేసేదా? ఊరు తనకు కేటాయించిన చోటులోనే ఉండాలా, కాదని లేచి నిలబడవచ్చా? తత్వశాస్త్రంలో ఇంతకంటే పాత ప్రశ్నలు కొన్నే ఉంటాయి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల, చిత్తూరు వాళ్లు పడమటి మండలాలు అని పిలిచే ఈ మెట్ట సీమలో, ఆ ప్రశ్నలను తమ బతుకుతో అడిగినవాళ్లు చాలామందే ఉన్నారు.

ఒక పుట్టుక, రెండు తేదీలు

జిడ్డు కృష్ణమూర్తి మదనపల్లెలో పుట్టింది 1895 మే 11న అని కొన్ని పుస్తకాల్లో, 12న అని కొన్నింటిలో ఉంటుంది. ఆయన పుట్టింది అర్ధరాత్రి దాటిన అరగంటకు. గడియారం ప్రకారం 12వ తేదీ వచ్చేసింది. తెల్లవారితేనే రోజు మారినట్టు లెక్కించే మన పద్ధతిలో ఇంకా 11. ఎనిమిదో సంతానం కాబట్టి కృష్ణుడి పేరు పెట్టారు. కన్ను తెరవకముందే కులం, జాతకం, పేరు వచ్చి చేరాయి. ఇలా వచ్చి చేరినవాటిని ఎవరికి వారు పరిశీలించుకోవాలన్నదే ఆ బిడ్డ పెద్దయ్యాక ప్రపంచమంతా తిరిగి చెప్పిన మాట.

పిల్లల్ని ఎవరైనా అడిగారా?

1909లో అడయారు సముద్రతీరంలో ఈ పిల్లవాణ్ని చూసిన దివ్యజ్ఞాన సమాజ నాయకుడు లెడ్‌బీటర్, రాబోయే జగద్గురువు ఇతనిలోనే వెలుస్తాడని ప్రకటించారు. తండ్రి నారాయణయ్య 1910లో ఇద్దరు కొడుకుల సంరక్షణను ఆ సమాజ అధ్యక్షురాలు అనీబిసెంట్‌కు రాసిచ్చి, తర్వాత మనసు మార్చుకుని 1912లో కోర్టుకెక్కారు. మద్రాసు హైకోర్టులో ఆయనే గెలిచారు. 1914లో లండన్ ప్రివీ కౌన్సిల్ ఆ తీర్పును కొట్టేసింది. తండ్రి సహజ సంరక్షకుడేననీ, రాసిచ్చిన మాటను వెనక్కి తీసుకోవచ్చనీ ఒప్పుకుంటూనే, ఇంగ్లండులో ఉన్న పిల్లల విషయం తేల్చే అధికారం ఇక్కడి కోర్టుకు లేదంది. అసలు ఆ పిల్లల ఇష్టమేమిటో ఎవరూ విచారించలేదని ఎత్తిచూపింది. సంరక్షణ చట్టం చదివే న్యాయ విద్యార్థులకు ఈ కేసు నేటికీ పాఠమే. తండ్రికీ గురువులకూ మధ్య నలిగిన పిల్లవాడికి తన మాట తనదని మొదట గుర్తు చేసింది ఒక న్యాయస్థానం కావడం నాకు గొప్ప విశేషంగా తోస్తుంది.

పీఠం దిగిన రోజు

కృష్ణమూర్తి అధ్యక్షుడిగా 1911లో ‘ఆర్డర్ ఆఫ్ ది స్టార్ ఇన్ ది ఈస్ట్’ ఏర్పడింది. దేశదేశాల్లో వేలమంది సభ్యులు చేరారు. 1929 ఆగస్టు 3న, హాలండులోని ఓమెన్ శిబిరంలో, అనీబిసెంట్ ఎదుటే కృష్ణమూర్తి ఆ సంస్థను రద్దు చేశారు. సత్యం వైపు మనిషిని ఏ సంస్థా నడిపించలేదనీ, అనుచరులు తనకు వద్దనీ చెప్పి, కానుకగా వచ్చిన భూములను తిరిగి ఇచ్చేశారు. అప్పటికి ఆయన వయసు 34. మార్గం చూపిస్తామన్నవాళ్లు చరిత్రలో కోకొల్లలు. తన కోసం కట్టిన పీఠాన్ని తానే కూల్చిన మనిషి మరొకడు ఎంత వెతికినా దొరకడు.

మెట్లెక్కే తరగతి

పీఠం వద్దన్న ఆ మనిషి బడిని మాత్రం వదల్లేదు. మదనపల్లె దగ్గర ఆయన పెట్టించిన రిషివ్యాలీ పాఠశాల తన ఆరంభాన్ని 1926 నుంచి లెక్కపెట్టుకుంటుంది. పెద్దగా చెప్పుకోవలసింది మాత్రం దాని చుట్టూ పల్లెల్లో నడిచిన చిన్న బడుల సంగతి. 1980ల చివర నుంచి పద్మనాభరావు, రమ దంపతులు అక్కడ ఒక పద్ధతిని పెంచుకొచ్చారు. ఒకే గది, ఒకే టీచరు, అన్ని వయసుల పిల్లలు. పాఠ్యపుస్తకం ఉండదు. పాఠాన్ని చిన్న చిన్న పనులుగా విడగొట్టి కార్డుల మీద రాస్తారు. గోడ మీద అభ్యాస నిచ్చెన ఉంటుంది. ఏ బిడ్డ ఏ మెట్టు మీదుందో ఆ బిడ్డకే తెలుసు. జ్వరమొచ్చి వారం రోజులు రాకపోయినా, కోతలకు వెళ్లి తిరిగొచ్చినా ఆగిన మెట్టు నుంచే మొదలు. వెనకబడడం అన్న మాటకే తావుండదు. నేర్చుకున్నవాడు పక్కవాడికి నేర్పుతాడు. వ్యక్తి, సమాజం అంటూ తత్వవేత్తలు పోట్లాడుకునే రెండూ అక్కడ ఒకే చాప మీద కూర్చుంటాయి. ఈ పద్ధతిని చూసి వెళ్లిన టీచర్లతోనే కర్ణాటకలో ‘నలి కలి’ పుట్టింది. తమిళనాడు ప్రభుత్వ బడులు తర్వాత దీన్ని అందుకున్నాయి.

మదనపల్లెలో రవీంద్రుడు

1915లో అనీబిసెంట్ స్థాపించిన మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు 1919 ఫిబ్రవరిలో టాగూరు వచ్చారు. జనగణమనకు ఆంగ్లానువాదం ఆయన చేసింది ఇక్కడే. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ ఆ పాటకు స్వరలిపి రాశారు. ఆమె ఐర్లండులో స్త్రీల ఓటు కోసం జైలుకెళ్లి వచ్చిన మనిషి. 1917లో మద్రాసులో మహిళా భారత సంఘం నిర్మాణంలో, ఆ ఏడాదే బ్రిటిష్ ప్రభుత్వంలో భారత వ్యవహారాల మంత్రి మాంటేగును కలిసి స్త్రీలకు ఓటు అడిగిన బృందం వెనుక ఆమె ఉన్నారు. జనగణమనలో స్త్రీ లెక్క కూడా ఉండాలన్న పట్టుదల ఆమెది.

ఏనుగు మల్లమ్మ

మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్‌కు అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు సాకిన ఆడబిడ్డ ఒకతె ఆ కొండ మీద ఉండేదనీ, అడవి జనానికి మందులిచ్చేదనీ, ఒకనాడు మాయమైతే గుడి కట్టారనీ కథ. ఇలాంటి అడవి బిడ్డే ఒకడు ఐరోపాలోనూ ఉన్నాడు. 1800లో ఫ్రాన్స్ అడవుల్లో దొరికిన విక్టర్ అనే బాలుణ్ని ఇటార్ అనే వైద్యుడు ఏళ్ల తరబడి చదివించాడు, మాటలు మాత్రం పెద్దగా రాలేదు. మనుషుల మధ్య పెరగని మనిషికి ఏమేం లేవో ఐరోపా విక్టర్‌లో లెక్కగట్టింది. మన కొండజనం మల్లమ్మ ఏమిచ్చిందో చెప్పుకున్నారు.

1762లో ఇద్దరు

తత్వవేత్త రూసో ‘సామాజిక ఒడంబడిక’ 1762లో వచ్చింది. వ్యక్తి స్వేచ్ఛ గురించి అంత గట్టిగా రాసినవాడు అదే ఏడాది ‘ఎమిల్’లో, ఆడపిల్ల చదువు మగవాడికి అనువుగా ఉంటే చాలన్నాడు. సరిగ్గా ఆ కాలంలో, వాయల్పాడుకు దగ్గరి తరిగొండలో వెంగమాంబకు ముప్ఫై దాటాయి. పసితనంలో పెళ్లి, వెంటనే వైధవ్యం. జుట్టు తీయించుకోలేదు, బొట్టు చెరపలేదు. తన భర్త వేంకటేశ్వరుడేనంది. మదనపల్లెకు చెందిన రూపావతారం సుబ్రహ్మణ్యశాస్త్రి దగ్గర యోగం నేర్చింది. ఊరు కాదంటే తిరుమల చేరి ద్విపద భాగవతం, వేంకటాచల మాహాత్మ్యం రాసింది. 1817లో కన్నుమూసింది.

ఆమె కట్టుబాటును కాదంది గానీ జనాన్ని కాదనలేదు. నృసింహ జయంతి రోజుల్లో కొండకొచ్చినవాళ్లకు అన్నం పెట్టించింది. తిరుమలలో 2011లో తెరిచిన అన్నప్రసాద భవనానికి ఆమె పేరే పెట్టారు. ఏకాంత సేవలో ‘తాళ్లపాక వారి లాలి, తరిగొండ వారి హారతి’ ఇప్పటికీ సాగుతున్నాయి. స్త్రీ స్వేచ్ఛ విషయంలో రూసో కంటే తరిగొండ వెంగమాంబ ముందున్నదని నేను నిస్సంకోచంగా అంటాను.

మూడు రాష్ట్రాల కుప్పం

కుప్పం నుంచి కొద్ది దూరం పోతే కర్ణాటక, ఇంకో వైపు తమిళనాడు. ద్రావిడ భాషలన్నిటికీ ఒక చోటు ఉండాలని ఇక్కడ 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం పెట్టారు. మనిషిలాగే మాట కూడా ఏ ఒక్కరి సొత్తూ కాదు.

పద్దెనిమిది రోజుల భారతం

పలమనేరు, పుంగనూరు, కుప్పం పల్లెల్లో ‘భారతం’ అంటే ద్రౌపదీ ధర్మరాజుల గుడి దగ్గర జరిగే పద్దెనిమిది రోజుల ఉత్సవం. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం. అర్జునుడి వేషగాడు పొడవాటి మాను మీదికి పాడుతూ ఎక్కుతాడు. కింద సంతానం కోరే ఆడవాళ్లు తడిబట్టలతో వేచి ఉంటారు, పైనుంచి విసిరే నిమ్మపండు కోసం. ఆఖరి రోజు మట్టితో చేసిన దుర్యోధనుడి భారీ బొమ్మ తొడ పగులుతుంది, ద్రౌపది జుట్టు ముడుస్తుంది, కంకణం కట్టుకున్నవాళ్లు నిప్పుల గుండం తొక్కుతారు. ఊరి మనిషే భీముడు, ఊరి మనిషే దుర్యోధనుడు. మంచీ చెడూ పైనుంచి ఊడిపడలేదనీ, మనలోనే ఉన్నాయనీ ఆ పల్లెకు ఏ తత్వవేత్తా వచ్చి చెప్పనక్కర్లేదు.

ఎండాకాలంలో పడమటి మండలాల వైపు వస్తే ఒక రాత్రి భారతం ముందు చాప వేసుకుని కూర్చోండి. వెంట పిల్లల్ని కూడా తీసుకురండి.