పరాయి ఇంట ఒక విద్యా సంవత్సరం

గత రమజాన్‌లో హిందూపురంలోని మా మస్జిదులో ఇఫ్తార్ ముగిసిన వెంటనే ఒక యువకుడు లేచి, ఎవరూ చెప్పకుండానే దస్తర్‌ఖాన్ మీది ఎంగిలి పళ్ళేలు ఏరసాగాడు. పూర్వం ఇంట్లో గ్లాసెడు నీళ్ళు కూడా తానై ముంచుకోని పిల్లవాడతడు. ఎక్కడిదీ మార్పని అడిగితే, "అమెరికాలో అలవాటైంది, హజ్రత్" అన్నాడు. మాకు కొంత సిగ్గు కలిగింది. చిన్ననాటి నుండి మేము అతనికి చెప్పిన పాఠమే కదా అది!

2001 సెప్టెంబరు దాడుల అనంతరం, ముస్లిం జనాభా గణనీయంగా ఉన్న దేశాల విద్యార్థుల కోసం అమెరికా ప్రభుత్వం 2002లో ఒక వినిమయ పథకాన్ని నెలకొల్పింది. సెనేటర్లు ఎడ్వర్డ్ కెనెడీ, రిచర్డ్ లూగర్‌ల పేర్లు దానికి పెట్టారు. మన దేశానికీ అందులో స్థానం లభించింది. ఎంపికైన విద్యార్థి ఒక విద్యా సంవత్సరం అక్కడి కుటుంబంలో ఉండి, అక్కడి బడిలో చదువుతాడు. ప్రయాణ వ్యయం పథకానిదే. ఆతిథ్యమిచ్చే కుటుంబం ప్రతిఫలం తీసుకోదు. సమాజసేవ చేయాలి, గడువు ముగిశాక స్వదేశానికి మరలి రావాలి.

ఈ యువకుడు వెళ్ళింది ఆ పథకం కిందనే. ఇక్కడ ఫజ్ర్‌కు అమ్మీ లేపేది. అక్కడ లేపేవారు లేరు. మొదటి వారంలో మూడు ఫజ్ర్‌లు తప్పిపోయాయట. ఆ తరువాత గడియారాన్ని మంచానికి దూరంగా, గదికి ఆ మూల పెట్టుకున్నాడు. ఉపవాసం ఎందుకని తోటి విద్యార్థులు అడిగినప్పుడు, ఇన్నేళ్ళు పాటించిన దానికి తన వద్ద జవాబు లేదని గ్రహించి పుస్తకాలు తెరిచాడు. శనివారాల్లో పేదలకు ఆహారం పంచే కేంద్రంలో డబ్బాలు సర్దేవాడు. ఒక వృద్ధురాలు తల వంచుకుని సంచీ అందుకుంటుంటే, ఆమె సిగ్గుపడకూడదని తానే చూపు తిప్పుకున్నాడట. కుడిచేతి దానం ఎడమచేతికి తెలియరాదన్న హదీసు మా తరగతిలో వల్లె వేసినవాడే. దాని అర్థం ఆనాడు తెలిసిందన్నాడు.

ఇక మా తప్పిదం చెప్పాలి. కొన్నేళ్ళ క్రితం ధర్మవరంలో మగ్గం మీద బతికే ఒక తండ్రి, పెద్దకొడుకును ఇలాగే పంపవచ్చునా అని సలహా అడిగాడు. "ఈమాన్ పోగొట్టుకుని వస్తాడు, వద్దు" అన్నాము. విచారించి చెప్పిన మాట కాదది, భయంతో అన్నది. ఆ తండ్రి మారు మాట్లాడలేదు. ఒక్క హదీసు వినడానికి నెలరోజుల దూరం ప్రయాణించిన జాబిర్ (రజి) గారి వృత్తాంతాన్ని ఏటా బోధించే మేమే అలా అన్నాము.

ఈద్ తరువాత ధర్మవరం రైలెక్కాము. దారిలో పెనుకొండ వచ్చింది. అక్కడి బాబా ఫక్రుద్దీన్ గారు సీస్తాన్ నుండి బయలుదేరి, తిరుచిరాపల్లిలో నథర్ వలీ గారికి శిష్యులై, ఆపై ఈ కొండ కిందికి చేరారని సంప్రదాయ కథనం. పరాయి నేలకు వచ్చినవారిని మన ప్రాంతం ఆదరించింది. మన బిడ్డ పరాయి నేలకు వెళ్తానంటే మాత్రం మేము జంకాము.

ఆ తండ్రి రెండో కొడుకు ఇప్పుడు తొమ్మిదో తరగతి. ఈసారి మేము వద్దనలేదు. (ఆడపిల్లల విషయంలో మహ్రమ్ ప్రశ్న వేరుగా చర్చించవలసినది.) ఆ ఏటి నిబంధనలు విచారించుకోమనీ, నమాజు, హలాల్ భోజనం సంగతి ఆతిథ్య కుటుంబానికి ముందే రాయమనీ చెప్పాము. ఫజ్ర్‌కు రేపటి నుండి వాణ్ణి ఎవరూ లేపవద్దన్నాము. వాళ్ళ అమ్మీకి ఈ చివరి మాట నచ్చలేదు.