హైవేపై పాలబండి వణుకుతుంటే

అమీర్‌పేట, పంజాగుట్ట బూత్‌లకు పాలు దింపే మా పికప్ ఆ రద్దీలో గంటకు 30 కిలోమీటర్లతో నిమ్మళంగానే నడిచేది. విజయవాడ హైవే ఎక్కి 70 దాటితే మాత్రం స్టీరింగు వణికేది. మెకానిక్ మాట విని స్టీరింగు భాగాలు మార్పించాము. డబ్బు పోయింది, వణుకు పోలేదు. చివరకు ముందు చక్రం విప్పితే రిమ్ము లోపల ఎండిన బురద, బ్యాలెన్సింగు సీసపు బిళ్ళ ఊడిన గుర్తు! చక్రంలో ఒక పక్క ఎక్కువైన బరువు, వేగం రెట్టింపైతే నాలుగు రెట్ల బలంతో గుంజుతుంది. బురద గీకి బ్యాలెన్సింగు చేయించాక బండి కుదుటపడింది.

వణుకు స్టీరింగులో తెలిస్తే సాధారణంగా ముందు చక్రాలు, సీటు కింద తెలిస్తే వెనుక చక్రాలు, ప్రొపెల్లర్ షాఫ్టు జాయింట్లు చూడాలి. టైరు ఉబ్బితే బ్యాలెన్సింగుతో పని జరగదు. దానితో హైవే ఎక్కవద్దు, వెంటనే మార్పించండి.